ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నా, రక్తం మాత్రం పెరగట్లేదు

సీతమ్మధార_చిన్ని
నాకు 34, ఇద్దరు పిల్లలు. కిందటేడు హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 9.4 వస్తే డాక్టర్ ఐరన్ రాశారు, నెలల తరబడి వేసుకున్నాక మొన్న మళ్ళీ చేయిస్తే 9.6. కడుపు ఉబ్బరం, మలబద్ధకం తప్ప నాకు ఒరిగిందేం లేదు. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. చాలదన్నట్టు థైరాయిడ్ డోసు 50 నుంచి 75కి పెంచారు. ఇంట్లో తలా ఒక వైద్యం. అత్తయ్యగారేమో రోజూ బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం. మా ఆయన ఏదో వీడియో చూసి ఉప్పు డబ్బా ఖాళీ చేసీసి పింక్ సాల్ట్ పోసీసారు, అందులో 84 మినరల్స్ ఉన్నాయట. 84 ఉంటే నాకు ఒక్క ఐరన్ ఎక్కదేటి? ఎవరికైనా ఇలా అయిందా, మాత్ర మార్చమని అడగాలా?

ఆర్కే_బీచ్_వాకర్
బీట్‌రూట్ ఆపకండి. రంగు చూస్తేనే తెలుస్తుంది రక్తం పట్టేది అదేనని. పొద్దున్నే బీచ్ రోడ్డులో జ్యూస్ బండి దగ్గర ఎంత మంది తాగుతారో చూడండి.

గాజువాక_గుంటడు
రంగు చూసి అయితే గోంగూర పచ్చడి తిన్నా, కుంకుమ తిన్నా ఒకటే కదా గురూజీ

కెమిస్ట్రీ_మాస్టారు
వాకర్ గారూ, బీట్‌రూట్ ఎరుపుకీ రక్తం ఎరుపుకీ చుట్టరికం లేదు. ఆ రంగు వేరే పదార్థానిది, ఇనుముది కాదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మి.గ్రా. కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 29 మి.గ్రా., మగవాళ్ళకి 19. అంటే బీట్‌రూట్‌ని నమ్ముకుంటే రోజుకి కిలోల్లో తినాలి. తాగండి, మంచిదే, రక్తం కోసం మాత్రం కాదు.

మందులషాపు_రమణ
చిన్ని గారూ, మాత్ర మార్చడం తర్వాత. ముందు ఇది చెప్పండి, రోజూ ఏ మాత్ర ఎన్నింటికి, దేంతో వేసుకుంటున్నారు? ఉన్నదున్నట్టు రాయండి. కౌంటర్‌లో నిలబడి రోజూ చూస్తుంటాను, సగం మందికి తేడా అక్కడే వస్తుంది.

సీతమ్మధార_చిన్ని
@రమణ గారు, లేవగానే థైరాయిడ్ మాత్ర, దాంతోపాటే గ్యాస్ మాత్ర. పది నిమిషాలాగి కాఫీ. తర్వాత పిల్లల్ని బస్సెక్కించి ఇడ్లీ తినీసి ఐరన్, కాల్షియం రెండూ ఒకేసారి, ఇంకో అరకప్పు కాఫీ ఉంటుంది కదా దాంతోనే మింగేస్తాను. అన్నీ ఒకేసారి వేసుకుంటే మర్చిపోనని అత్తయ్యగారు అన్ని మాత్రలూ ఒకే డబ్బాలో సర్ది పెడతారు.

పీజీ_నైట్_డ్యూటీ
అయ్యో.

గాజువాక_గుంటడు
డాక్టరమ్మ ఒక్క ముక్కలో రిపోర్ట్ ఇచ్చీసారు 😂

మందులషాపు_రమణ
అదీ సంగతి. ఓపిగ్గా చదవండి, కాస్త పెద్దదే రాస్తున్నాను. ఐరన్, కాల్షియం రెండూ పేగులో ఎక్కేటప్పుడు పోటీ పడతాయి, పెద్ద మోతాదులో కాల్షియం ఎదురుగా ఉంటే ఐరన్ ఎక్కడం తగ్గుతుంది, స్కూల్ టైములో సిటీ బస్సు డోరు దగ్గర సంగతి మీకు తెలిసిందే కదా. రెంటికీ కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. కాఫీ, టీల్లో ఉండే టానిన్ లాంటివి ఐరన్‌ని పట్టుకుని లోపలికి పోనివ్వవు, మాత్రకి ముందో గంట వెనకో గంట వాటి జోలికి పోవద్దు. గ్యాస్ మాత్ర పొట్టలో యాసిడ్ తగ్గిస్తుంది, ఐరన్ కరగడానికి ఆ యాసిడ్ కావాలి. అంటే మీరు మింగే ఐరన్‌కి మూడు అడ్డాలు మీరే పెట్టారు. ఇక థైరాయిడ్ మాత్ర మొదలే సున్నితం. ఖాళీ కడుపున నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా ముట్టుకోకూడదు, ఐరన్, కాల్షియం నాలుగు గంటల తర్వాతే. మీ డోసు 75 చేశారంటున్నారు, అసలు ఆ 50 సరిగ్గా ఎక్కిందో లేదో ఎవరికి తెలుసు. ఇదంతా డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

సీతమ్మధార_చిన్ని
ఇన్ని నెలల్లో ఇది ఒక్కరు చెప్పలేదండీ. చీటీ మీద ఉదయం 1 అని రాసి ఉంది అంతే.

బండి_ఆపు_బాబాయ్
రాసేవాళ్ళకి టైముండదు, అడగడానికి మనకి ధైర్యముండదు, మధ్యలో మాత్ర పోతుంది

తోటకూర_కట్ట
నాక్కూడా ఇదే. నేను మధ్యాహ్నం భోజనానికి గంట ముందు ఐరన్ వేసుకుని నిమ్మరసం నీళ్ళు తాగుతాను, కాల్షియం రాత్రి భోజనంతో. నిమ్మకాయ, ఉసిరి, జామ ఏదో ఒకటి పక్కనుంటే ఐరన్ బాగా ఎక్కుతుందని మా డాక్టర్ చెప్పారు, సి విటమిన్ వల్ల. మాత్రకే కాదు కూరకి కూడా ఇదే లెక్క. తోటకూర పప్పులో చివర్లో నిమ్మకాయ పిండి చూడండి, రుచీ వస్తుంది.

అనకాపల్లి_బెల్లం
బెల్లం సంగతి ఒక్కరూ ఎత్తట్లేదేటి. పల్లీలు, బెల్లం తిని పెరిగినోళ్ళం, మా ఇంట్లో ఎవరికీ రక్తం తక్కువ లేదు.

పీజీ_నైట్_డ్యూటీ
@అనకాపల్లి_బెల్లం ఇంట్లో ఆడవాళ్ళకి హెచ్‌బీ చేయించారా, లేక మీరే డిసైడ్ చేసేశారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది. వాళ్ళలో చాలామందికి ఉన్నట్టు తెలీదు, అలసట మామూలే అనుకుంటారు.

అనకాపల్లి_బెల్లం
చేయించలేదు. కానీ బెల్లాన్ని ఏమన్నా అంటే ఊరుకోను

కెమిస్ట్రీ_మాస్టారు
బెల్లంలో ఐరన్ ఉందయ్యా, లేదనట్లేదు. వంద గ్రాములకి 4, 5 మి.గ్రా. అనుకో. చిన్న ముక్క 10 గ్రాములు తింటే అర మి.గ్రా. దాకా. 29 కావాలంటే మిగతాది షుగర్ రూపంలో ఎక్కడ పెట్టుకుంటావు? ఇంకోటి, మెరిసే పసుపు రంగు బెల్లం కొనకు, తెల్లబడటానికి హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగుదే తీసుకో.

గాజువాక_గుంటడు
మాస్టారు బెల్లం మార్కెట్ రేటు పడగొట్టీసారు

చోడి_అంబలి
మన వైపు పూర్వం తిన్నదే తిందాం అనిపిస్తుంది ఇవన్నీ చదివితే. చోళ్ళలో, అదే రాగుల్లో, వంద గ్రాములకి 350 మి.గ్రా. పైనే కాల్షియం ఉంటుంది, వంద మి.లీ. పాలల్లో 120 చుట్టుపక్కల. పెద్దవాళ్ళకి రోజుకి 1000 కావాలి. గంటెల్లో (సజ్జల్లో) ఐరన్ కూడా బాగానే ఉంటుంది. మా అమ్మమ్మ చోడిపిండి రాత్రి కలిపి పులియబెట్టి పొద్దున అంబలి కాచేది, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. ఆ పులియబెట్టడం ఊరికే చెయ్యలేదు, గింజల్లో ఫైటేట్ అని ఒకటి ఉండి ఐరన్, జింక్‌లని కట్టిపడేస్తుంది, నానబెట్టినా మొలకెత్తించినా పులిసినా అది తగ్గుతుంది. ఇప్పుడు మనం చోడిపిండిని బిస్కెట్‌గా కొనుక్కుని తింటున్నాం.

బండి_ఆపు_బాబాయ్
చోడి బిస్కెట్‌లో చోళ్ళెంతో మైదా ఎంతో వెనకాల చిన్నక్షరాలు చదవండి, తర్వాత మాట్లాడదాం

పీజీ_నైట్_డ్యూటీ
తిండి, మాత్రల టైము సరే, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. చిన్ని గారూ, రక్తం ఎందుకు తగ్గింది? లోపలికి పోయేది తక్కువా, బయటికి పోయేది ఎక్కువా? నెలసరిలో ఎన్ని రోజులు అవుతుంది, గడ్డలు పడతాయా, ప్యాడ్ ఎంతసేపటికి మార్చాల్సి వస్తోంది. పైల్స్ ఉన్నాయా. నులిపురుగుల మందు ఎప్పుడు వేసుకున్నారు. సీబీసీ (రక్త పరీక్ష) కాగితం మీద ఎంసీవీ అని ఉంటుంది, ఎర్ర రక్తకణాల సైజు, అదెంత. ఫెరిటిన్ చేయించారా. హెచ్‌బీ చేతిలో ఉన్న డబ్బులు చూపిస్తుంది, దాచుకున్నది తెలియాలంటే ఫెరిటిన్ చూడాలి. మాత్రలు సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే తలసేమియా ట్రెయిట్, అంటే పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తేడా, ఉందేమో కూడా చూస్తారు. అది ఉండి ఐరన్ నిల్వ బాగానే ఉన్నవాళ్ళకి ఎన్ని మాత్రలు పోసినా హెచ్‌బీ కదలదు, అనవసరంగా ఐరన్ పేరుకుంటుంది.

సీతమ్మధార_చిన్ని
ఇక్కడ రాయొచ్చో లేదో గానీ, రెండో బాబు పుట్టాక ఏడెనిమిది రోజులు అవుతోంది, మొదటి మూడు రోజులు బయటికెళ్ళాలంటే భయం. ఎంసీవీ 71. ఫెరిటిన్ చేయించలేదు.

పీజీ_నైట్_డ్యూటీ
రాయొచ్చు. రాయకపోబట్టే ఇన్నాళ్ళూ ఆగింది. గైనకాలజిస్ట్‌ని కలవండి, ఫెరిటిన్ చేయించండి. ట్యాంకు కింద లీకు ఉంటే పైన మోటారు ఎంతసేపు వేసినా ఒకటే.

పెందుర్తి_పెద్దక్క
మా చెల్లికి ఇంకో వింత. బియ్యం ఏరుతూ ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకునేది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత చూస్తే బియ్యం డబ్బా పక్కన చిన్న స్టీలు గిన్నె పెట్టుకుంది, వంట చేస్తున్నంతసేపూ పచ్చి బియ్యం నమలడమే, టకటకమని హాల్లోకి వినిపించేది. పళ్ళు అరిగిపోతాయే అని తిట్టేవాళ్ళం. హెచ్‌బీ 7.8 వచ్చింది. మాత్రలు ఎక్కడం మొదలయ్యాక బియ్యం మీద ఆశ దానంతట అదే పోయింది, ఎవరూ మాన్పించలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు
పెద్దక్క గారు చెప్పింది వింత కాదు. సుద్ద, మట్టి, బియ్యం, ఐసుముక్కలు తినాలనిపించడం ఐరన్ లోపంలో చాలామందిలో కనిపిస్తుంది. జింక్ మనిషికి ఎంత అవసరమో బయటపడింది కూడా మట్టి తినే ఒక కుర్రాడి వల్లే. ఆనంద ప్రసాద్ అని బీహార్‌లో పుట్టిన డాక్టర్, 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక పేషెంట్ వచ్చాడు, వయసు 21, చూడ్డానికి పదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు, మీసం లేదు, ఎదుగుదల లేదు, రక్తం బాగా తక్కువ. తినేది గోధుమ రొట్టె, మట్టి. ఐరన్ ఒక్కటే తక్కువైతే ఎదుగుదల అలా ఆగదు కదా అని ఆయనకి అనుమానం. 1961లో ఆ కేసులు రాశారు, తర్వాత ఈజిప్టులో జింక్ ఇచ్చి చూస్తే అలాంటి కుర్రాళ్ళు ఎదిగారు. ఆ రొట్టెలో ఉన్న ఫైటేటే జింక్‌ని ఎక్కనివ్వలేదు. అంబలి పులియబెట్టిన అమ్మమ్మకి ఈ కథ తెలియకపోయినా పని తెలుసు.

గాజువాక_గుంటడు
మాస్టారు క్లాసులో ఇలా చెప్పుంటే నాకు కెమిస్ట్రీలో 35 కాకుండా 36 వచ్చేవి

మందులషాపు_రమణ
జింక్ అంటే గుర్తొచ్చింది, కరోనా టైములో మొదలెట్టిన జింక్ 50 మాత్ర ఇప్పటికీ అడిగి కొనుక్కెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఏళ్ళ తరబడి అంత జింక్ పోస్తే ఒంట్లో కాపర్ పడిపోతుంది, కాపర్ పడిపోతే మళ్ళీ రక్తహీనత. పిల్లల విరేచనాలకి ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ ఇస్తారు, అది వేరు, అది నిజంగా పనిచేస్తుంది. బలానికి అని రోజూ వేసుకోవడం వేరు.

స్టీలుసిటీ_షిఫ్ట్_బి
నాది వేరే గొడవ. ఫర్నేస్ వైపు పని, ఎండాకాలం డ్యూటీ దిగేసరికి చొక్కా మీద తెల్లటి చారలు, ఉప్పు అచ్చుపడుతుంది. రాత్రి పిక్కలు పట్టేసి లేచి కూర్చుంటాను. మా వాడొకడు మెగ్నీషియం వేసుకోమన్నాడు, వేస్తున్నా, పెద్ద తేడా లేదు.

తోటకూర_కట్ట
మెగ్నీషియం పనిచేస్తుంది, నాకు తగ్గింది. ఇంకొన్నాళ్ళు వాడండి.

పీజీ_నైట్_డ్యూటీ
@తోటకూర_కట్ట మీకు తగ్గి ఉండొచ్చు, కానీ పరిశోధనల్లో మామూలు కండరాల పట్టేతకి మెగ్నీషియం ఉత్తుత్తి మాత్ర కంటే పెద్దగా మెరుగని తేలలేదు. షిఫ్ట్ బి గారికి చెమటతో పోయేది ముఖ్యంగా సోడియం. ఉత్త నీళ్ళు లీటర్ల కొద్దీ తాగితే ఉన్న సోడియం ఇంకా పలచబడుతుంది. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ పట్టుకెళ్ళండి. బీపీ ఉంటే మాత్రం అడిగి. గ్యాస్ మాత్ర ఏళ్ళుగా వాడుతున్నారా?

స్టీలుసిటీ_షిఫ్ట్_బి
వాడుతున్నానండి, నైట్ షిఫ్టులతో ఎసిడిటీ. పొద్దున్నే ఒకటి పడాల్సిందే, నాలుగైదేళ్ళ పైనే.

పీజీ_నైట్_డ్యూటీ
అయితే రక్తంలో మెగ్నీషియం టెస్ట్ ఒకసారి చేయించండి. పాంటాప్రజోల్ రకం మాత్రలు ఏడాది పైన వాడితే కొందరిలో మెగ్నీషియం బాగా పడిపోతుంది, అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. అదే కారణమైతే మెగ్నీషియం మాత్ర ఒక్కటీ చాలకపోవచ్చు, గ్యాస్ మాత్ర సంగతి కూడా డాక్టర్ చూడాలి.

ఆర్కే_బీచ్_వాకర్
అందుకే పింక్ సాల్ట్ మేలు, అన్ని మినరల్సూ అందులోనే ఉంటాయి. పైగా మనం సముద్రం పక్కన ఉన్నాం, అయోడిన్ గాల్లోనే వస్తుంది, అయోడైజ్డ్ ఉప్పు కంపెనీల బిజినెస్.

కెమిస్ట్రీ_మాస్టారు
పింక్ సాల్ట్ కూడా ఇంచుమించు అంతా సోడియం క్లోరైడే, మిగతా ఖనిజాలు కొసరంత. ఆ కొసరులోంచి మీకు కావలసిన ఐరన్, మెగ్నీషియం రావాలంటే ఉప్పు గరిటలతో తినాలి. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాముల లోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక గాల్లో అయోడిన్ మాట. సముద్రపు నీళ్ళు ఎండబెట్టి తీసిన నౌపడా కల్లుప్పులో కూడా అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. సముద్రపు చేపలో ఉంటుంది, సముద్రపు గాలి పీలిస్తే చాలదు. రోజుకి 150 మైక్రోగ్రాములు కావాలి. అందుకే ప్యాకెట్ మన ఇంటికొచ్చేసరికి కిలోకి 15 మి.గ్రా. అయోడిన్ తగ్గకూడదని రూలు. 10 గ్రాములకి లెక్కేసుకోండి, సరిగ్గా 150 వస్తుంది, అలాగని ఉప్పు 10 గ్రాములు తినమని కాదు.

పాడేరు_రోడ్డు
మా వైపు పాత తరంలో గొంతు కింద ఇంత వాపుతో తిరిగిన ముసలమ్మల్ని చూశాను చిన్నప్పుడు. దేవుడిచ్చింది అనుకునేవాళ్ళు. అయోడిన్ తక్కువై వచ్చే ఆ వాపు కోసమే 1962లో కేంద్రం గాయిటర్ కార్యక్రమం మొదలుపెట్టింది, అయోడిన్ ఉప్పు సంతలకి చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కొండ మట్టిలో అయోడిన్ వానకి కొట్టుకుపోతుంది, అక్కడ పండిందాంట్లో ఉండదు. వైజాగ్‌లో కూర్చుని బిజినెస్ అనడం తేలికే.

సీతమ్మధార_చిన్ని
అయితే నా థైరాయిడ్‌కి పింక్ సాల్ట్ మంచిదా కాదా, ఒక్క మాటలో చెప్పండి, ఆయనకి స్క్రీన్‌షాట్ పంపాలి

పీజీ_నైట్_డ్యూటీ
కాదు. మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడండి, అదీ కొంచెమే. అలాగని మీ థైరాయిడ్ అయోడిన్ తక్కువై వచ్చిందని కూడా అనుకోకండి, ఇప్పుడు ఎక్కువమందికి ఒంట్లో రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడటం వల్ల వస్తోంది. దానికి అయోడిన్ మాత్రలు కొని మింగితే ఇంకా పాడవుతుంది. ఉప్పు మూత పెట్టి పొయ్యికి దూరంగా ఉంచండి, అంతే.

సోంపేట_కుర్రోడు
ఉప్పు గురించి నాదొకటి వినండి. మా నాన్న కిడ్నీ పేషెంట్, మాది ఉద్దానం. బీపీ ఉంది కదా అని నేనే లో సోడియం ఉప్పు ప్యాకెట్ తెచ్చాను, రేటు కూడా ఎక్కువ. రెండు వారాల్లో నీరసం, గుండె దడ, విశాఖ తీసుకొస్తే పొటాషియం 6.4. డ్యూటీ డాక్టర్ మొదట అడిగింది ఏ ఉప్పు వాడుతున్నారనే. సోడియం తగ్గించి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారంట అందులో. మామూలు వాళ్ళకి మంచిదేనంట, కిడ్నీ పాడైనోళ్ళకి పొటాషియం బయటికి పోక గుండె మీద పడుతుంది. మా ఊరు చుట్టూ కొబ్బరితోటలే, ఇంటికెవరొచ్చినా బోండాం కొట్టి ఇవ్వడం మాకు మర్యాద. నాన్నకి అదీ బంద్, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. ఇప్పుడు కూర ముక్కలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుతుంది అమ్మ. రుచి ఉండదు, తింటాడు పాపం.

బండి_ఆపు_బాబాయ్
జాగ్రత్త తమ్ముడూ. మా ఆఫీసులో ఒకాయన కూడా అదే ఉప్పు వాడుతున్నాడు, బీపీ మాత్రలు కూడా వేసుకుంటాడు, ఏమైనా ప్రమాదమా?

మందులషాపు_రమణ
కొన్ని బీపీ మాత్రలు పొటాషియంని పెంచుతాయి. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఆ ఉప్పు ముట్టుకోవద్దు. పేరు చదివి చూడమనండి.

సీతమ్మధార_చిన్ని
గైనిక్ దగ్గరికి వెళ్ళొచ్చాను. ఫెరిటిన్ 6. స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉందట, దానికి వేరే మందు ఇచ్చారు. థైరాయిడ్ 75 కొన్నాళ్ళు ఉంచి, టైము మార్చాక ఆరు వారాలకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్ట్) చేయించమన్నారు. గ్యాస్ మాత్ర అసలెందుకు వాడుతున్నారని అడిగారు, నాకూ తెలీదు, ఎప్పుడో ఎవరో రాశారు. ఐరన్ రోజు విడిచి రోజు చాలన్నారు, అది ఎందుకో అర్థం కాలేదు, తక్కువ వేసుకుంటే ఎక్కువ ఎలా ఎక్కుతుంది?

పీజీ_నైట్_డ్యూటీ
ఒక డోసు పడగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది పేగు దగ్గర ఐరన్‌కి తలుపు వేసేస్తుంది. ఇంచుమించు ఒక రోజు పాటు ఆ ప్రభావం ఉంటుంది. మర్నాడే ఇంకోటి వేస్తే అందులో తక్కువ వంతే ఎక్కుతుంది, మిగిలింది పేగులో ఉండి మీకు ఉబ్బరం, మలబద్ధకం. రోజు విడిచి రోజు వేస్తే చాలామందికి కడుపు కూడా తేలిగ్గా ఉంటుంది. హెచ్‌బీ 12 దాటగానే మానేయకండి, నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలల దాకా వాడమంటారు. ఇంకోటి, ఆ డబ్బా పిల్లలకి అందకుండా పైన పెట్టండి, ఎర్రగా చాక్లెట్ గోళీల్లా ఉంటాయి, చిన్నపిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదకి వస్తుంది.

పెందుర్తి_పెద్దక్క
మలం నల్లగా అవుతుంది, కంగారు పడకు అమ్మా. మా చెల్లి అది చూసి ఏడ్చినంత పని చేసింది.

తోటకూర_కట్ట
అట్ట మీద ఫెర్రస్ సల్ఫేట్ 200 అని ఉంటుంది కదా, అదంతా ఐరనేనా?

మందులషాపు_రమణ
కాదు, అందులో అసలు ఐరన్ 65 దాకా ఉంటుంది. ఆశా వర్కర్ గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, దాంతో ఫోలిక్ యాసిడ్. ఊరికే ఇస్తున్నారని తీసిపారేయొద్దు, పెద్ద పెద్ద పేర్లున్న ఖరీదైన వాటిలోనూ చేసే పని అదే.

చోడి_అంబలి
మాంసం తినేవాళ్ళయితే మేక కార్జం కూడా చెప్పండి. అందులో ఐరన్ ఆకుకూరల్లో కంటే తేలిగ్గా ఎక్కుతుంది, కాఫీ కూడా దాన్ని అంతగా ఆపలేదు. గర్భిణులు మాత్రం తరచుగా తినకూడదు, ఎ విటమిన్ మరీ ఎక్కువైపోతుంది.

హార్బర్_రాజు
నెత్తళ్ళ చేపలు ఎవరూ చెప్పలేదు, ఇదేం వైజాగ్ గ్రూపండీ. ముల్లుతో సహా నమిలి తింటాం కాబట్టి కాల్షియం అందులోనే, అయోడిన్ కూడా. వంజరం ముక్క వెయ్యి పెట్టి కొంటారు, ముల్లు పారేస్తారు. నెత్తళ్ళు తల తుంచి, వేలితో పొట్ట నొక్కి తీసి, ఉప్పు పసుపు వేసి రెండుసార్లు కడిగి మామిడికాయ వేసి పులుసు పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, పచ్చివి దొరకడం కష్టం, ఎండువి ముందే కొని పెట్టుకోండి. ఎండువాటిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నోళ్ళు నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండుకోండి.

సీతమ్మధార_చిన్ని
ఎండు నెత్తళ్ళు వేయిస్తే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పది నిమిషాల్లో మెసేజ్ వస్తుంది

గాజువాక_గుంటడు
సెక్రటరీకి ఒక గిన్నె పంపీండి, వాసన కాదు సువాసన అయిపోద్ది